నిద్రకూ చిగుళ్ళకూ ముడి ఉంది సార్: ఒక షిఫ్టు కార్మికుడి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులకు, ఈఎస్ఐ వైద్యాధికారులకు, దంతవైద్యులకు

అయ్యా, అమ్మా,

ఆరు నెలల కిందట నేనూ మా సెక్షన్‌లో మరో పదకొండు మందీ సంతకాలు పెట్టి ఒక అర్జీ రాశాం. ముందు మా హెచ్ఆర్‌కు ఇచ్చాం. నెల చూసి, జవాబు రాకపోతే ఒక ప్రభుత్వ కార్యాలయానికి పట్టుకెళ్ళాం. అక్కడి ఉద్యోగి రెండు పేజీలూ ఓపికగా చదివి, "రాత్రి డ్యూటీలకూ చిగుళ్ళ జబ్బుకూ సంబంధం ఏమిటయ్యా? బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టినట్టుంది" అని నవ్వారు. మనిషి మంచివారే. కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు, అర్జీ మీద ముద్ర కూడా వేయించారు. ఆ ముద్ర పడిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. దాని తర్వాత ఇంకే కాగితమూ రాలేదు.

ఆయన నవ్విన చోటు నుంచే మొదలుపెడతాను. ముడి ఎక్కడుందో చూపించడానికే ఈ లేఖ.

నా వయసు 46. మాత్రలు తయారుచేసే ఫార్మా ఫ్యాక్టరీల్లో 21 ఏళ్ళుగా మెషిన్ ఆపరేటర్‌ని. ఏ షిఫ్టు ఉదయం ఆరు నుంచి రెండు, బీ షిఫ్టు రెండు నుంచి రాత్రి పది, సీ షిఫ్టు పది నుంచి తెల్లవారి ఆరు. వారానికోసారి మారుతుంటాయి. ఇప్పటికి నా నోట్లో ఐదు పళ్ళు లేవు. ఒక్కటి కూడా పిప్పి పన్ను కాదు. పురుగు పట్టని, తెల్లగా మెరిసే పళ్ళు. వేళ్ళతో పట్టుకుంటే ఊగేవి. చివరికి చిగురు వదిలేసింది. పీకిన పన్ను డాక్టరమ్మ చేతిలో పెడితే నిగనిగలాడుతూ ఉంది, దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

నా తప్పు కూడా చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళ వయసులో రెండేళ్ళపాటు ఖైనీ నమిలాను, నిద్ర ఆపుకోవడానికి. బ్రష్ మీద నెత్తురు కనిపించిన మొదటి రెండు మూడేళ్ళు పట్టించుకోలేదు. "వేడి చేసి ఉంటుంది" అనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాను. ఈ లేఖలో అంతా మీ తప్పే అని రాయబోవడం లేదు. కానీ మా సెక్షన్‌లో నలభై దాటిన పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి చిగుళ్ళ నుంచి నెత్తురో, ఊగే పన్నో ఉంది. ఇది శాస్త్రీయ సర్వే కాదు, క్యాంటీన్‌లో నేను అడిగి రాసుకున్న లెక్క. ఆ తొమ్మిది మందిలో ఖైనీ, సిగరెట్టు ముట్టనివాళ్ళు ఐదుగురు. అందరినీ బద్ధకస్తులని కొట్టిపారేయడం కుదరదు.

ఇక విషయం.

1. నోరు ఎండిపోయే వేళ గురించి.

పళ్ళ మీద పట్టే జిగురు పొరను మన పెద్దలు పాచి అన్నారు. అందులో ఉండేది సూక్ష్మక్రిములు. దాన్ని తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార గరుకు మీద మళ్ళీ పాచి పడుతుంది. చిగురు ఎర్రబడి, వాచి, నెత్తురు కారుతుంది. ఇంతవరకూ అయితే బాగు చేసుకోవచ్చు. పట్టించుకోకపోతే వాపు లోపలికి దిగి పన్నును పట్టుకున్న ఎముకను తినేస్తుంది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

ఈ పాచిలోని క్రిములను పగలంతా అదుపులో ఉంచే పని మన లాలాజలానిది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. కానీ నిద్రలో ఆ ఊట దాదాపు ఆగిపోతుంది. అందుకే పడుకునే ముందు తోముకోవడం పొద్దున తోముకోవడం కన్నా ముఖ్యమని దంతవైద్యులు చెబుతారు. నోరు తెరిచి పడుకునేవాళ్ళకు, గురక పెట్టేవాళ్ళకు ఇంకా ఎండుతుంది.

ఇప్పుడు దీన్ని మా దినచర్య పక్కన పెట్టి చూడండి.

2. సీ షిఫ్టు మనిషి రోజు ఎలా గడుస్తుందన్నది.

రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం తిని కంపెనీ బస్సెక్కుతాను. పదింటికి గౌను, టోపీ, మాస్కు. ప్రొడక్షన్ గదిలో మంచినీళ్ళు కూడా తాగకూడదు. మందుల తయారీలో అది ఉండాల్సిన నియమమే, నేను తప్పు పట్టను. పన్నెండున్నరకు బయటికొచ్చి ఒక టీ, రెండు బిస్కెట్లు. మూడింటికి కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు ఇంకో టీ, చక్కెర ఎక్కువ వేయించుకుని. ఐదింటికి మరొకటి. మధ్యలో మాస్కు కింద నోటితో ఊపిరి తీసుకుంటూ ఉంటాం, నాలుక అట్టకట్టుకుపోతుంది.

ఏడున్నరకు ఇల్లు. ఇంటావిడ పెట్టిన నాలుగు ఇడ్లీలు తిని పక్క మీద పడతాను. పళ్ళు తోమడమా? ఏళ్ళ తరబడి తోమలేదు. కారణం వింటే మీకు నవ్వొస్తుంది. పేస్టు ఘాటు తగిలితే వచ్చిన కునుకు ఎగిరిపోతుందని భయం. షిఫ్టుల్లో పనిచేసినవాళ్ళను అడగండి, సగం మంది ఇదే చెబుతారు. నిద్ర మాకు అంత అపురూపం. వచ్చినప్పుడు పట్టుకోవాలి.

అలా రాత్రంతా తాగిన తీపి టీలూ, పొద్దున తిన్న ఇడ్లీ పిండీ పళ్ళ మీదే ఉంచుకుని, లాలాజలం ఆగిపోయే నిద్రలోకి వెళ్ళిపోతాం. లేచేది మధ్యాహ్నం ఒంటిగంటకు. అప్పుడు తోముకుని అన్నం తింటాం. మాకు అదే "పొద్దున". ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారి, అదీ అవసరం లేని వేళలో.

ఆ నిద్ర అయినా సరిగ్గా ఉంటుందా? రేకుల ఇల్లు, ఎండ, పక్కింటి కుక్కరు, కూరగాయల బండి మైకు, కొరియర్ అబ్బాయి బెల్లు. ఐదు గంటలు, అది కూడా రెండు ముక్కలుగా. నిద్ర సుఖమెరుగదని సామెత చెప్పినాయన ఏప్రిల్ నెలలో పగటిపూట రేకుల కింద పడుకుని ఉండడు.

కాంట్రాక్టు కుర్రాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు గదికి ఎనిమిది మంది ఉంటారు. 'ఏ' షిఫ్టుకు ఒకడు లేచి వెళితే ఆ చాప మీదే సీ షిఫ్టు వాడు వచ్చి పడుకుంటాడు. చాప చల్లారదు. బయట ఒకటే కుళాయి, దానికి వరుస. వాళ్ళకు "రోజుకు రెండుసార్లు బ్రష్ చేయండి" అని పోస్టరు అంటిస్తే సరిపోతుందా?

3. ఒళ్ళు చేసే పని.

ఇది నేను మా డాక్టరమ్మను పదేపదే అడిగి తెలుసుకున్నది. చిగుళ్ళ జబ్బును మొదలుపెట్టేది క్రిములే. కానీ ఎముకను కరిగించేది చాలావరకు ఆ క్రిముల మీద యుద్ధానికి దిగిన మన ఒంటి వాపే. ఆ వాపు మితంగా ఉంటే కాపాడుతుంది, అదుపు తప్పితే ఇంటినే తగలబెడుతుంది. నిద్ర చాలకపోతే ఒంట్లో వాపు సూచికలు, సీఆర్పీ లాంటివి, పెరుగుతాయని మనుషులను నిద్ర లేకుండా ఉంచి చేసిన పరీక్షల్లోనే కనిపించింది. రోగనిరోధక కణాలు కూడా పగలూ రాత్రీ లెక్కన ఒక గడియారం ప్రకారం పనిచేస్తాయి. కణాల్లో ఆ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్య నోబెల్ ఇచ్చారు. మా గడియారాన్ని రోస్టరు వారానికోసారి తిప్పేస్తుంది.

నిద్రలేమితో వచ్చే టెన్షన్‌కు పళ్ళు నూరేవాళ్ళు కూడా మాలో ఉన్నారు. నూరడం ఒక్కదానివల్ల చిగుళ్ళ జబ్బు రాదు. అప్పటికే ఎముక తగ్గిన పన్ను మీద ఆ బరువు పడితే మాత్రం ఊగడం ఎక్కువవుతుంది.

4. చదువుకున్నవాళ్ళు ఏం తేల్చారన్నది.

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, లేకపోతే మీరు మళ్ళీ నవ్వుతారు. నిద్ర తక్కువైతే చిగుళ్ళ జబ్బు ఖాయంగా వస్తుందని ఎవరూ తేల్చలేదు. పెద్ద పెద్ద జనాభా సర్వేల్లో కొన్నింటిలో సంబంధం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. చిగుళ్ళ నొప్పివల్లే నిద్ర పట్టనివాళ్ళూ ఉంటారు కాబట్టి ఏది ముందో ఏది వెనకో తేల్చడం కష్టం. నిద్ర తక్కువైనవాడు తోముకోవడం మానేస్తాడు, సిగరెట్టు ఎక్కువ తాగుతాడు, తీపి తింటాడు. వీటిని విడదీయడం కూడా కష్టమే.

అయితే మాలాంటివాళ్ళ మీదే జరిగిన ఒక అధ్యయనం ఉంది. జపాన్‌లో 219 మంది ఫ్యాక్టరీ కార్మికులను 1999 నుంచి 2003 దాకా గమనించారు. ఫలితాలు 2007లో జర్నల్ ఆఫ్ పీరియడాంటాలజీలో వచ్చాయి. సిగరెట్టు, వ్యాయామం, మద్యం, నిద్ర గంటలు, తిండి, మానసిక ఒత్తిడి, పని గంటలు అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. జబ్బు ముదరడానికి అన్నిటికన్నా పెద్ద కారణంగా పొగ తాగడం తేలింది. దాని తర్వాతి స్థానం నిద్రది. ఏడెనిమిది గంటలు నిద్రపోయినవాళ్ళకన్నా ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయినవాళ్ళలో జబ్బు ఎక్కువగా ముదిరింది. మనుషులు కొద్దిమందే, ఒప్పుకుంటాను. అయినా మీ శాఖల్లో ఎవరైనా ఇలాంటిది జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, జడ్చర్లలోనో, పరవాడలోనో, పైడిభీమవరంలోనో చేశారా? చేసి ఉంటే ఆ కాగితం చూపించండి, మేం అర్జీ వెనక్కి తీసుకుంటాం.

రాత్రి పని ఒంటికి ఊరికే పోదని ప్రపంచం ఎప్పుడో ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో ఒకసారి, 2019లో మరోసారి రాత్రి షిఫ్టును క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టింది. అంత పెద్ద జబ్బు గురించి ఆలోచించగలిగినప్పుడు నోటి గురించి ఆలోచిస్తే నవ్వులాట ఎందుకవుతుంది?

5. షుగరు.

చిగుళ్ళ జబ్బుకూ షుగరుకూ రెండు వైపులా దారి ఉంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగరు అదుపులోకి రాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల మంది. నిద్ర పాడైతే షుగరు ముప్పు పెరుగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. మా సెక్షన్‌లో ఒకతనికి షుగరుందని మొదట బయటపెట్టింది పళ్ళ డాక్టరే. పన్ను పీకితే పుండు మానలేదు, రక్తపరీక్ష రాశారు, అప్పుడు తెలిసింది. అతను రెండేళ్ళుగా ఫ్యాక్టరీ వార్షిక వైద్య పరీక్షలకు వెళుతూనే ఉన్నాడు. ఆ పరీక్షల్లో కళ్ళు చూశారు, చెవులు చూశారు, ఊపిరి ఊదించారు. నోరు తెరవమని ఎవరూ అనలేదు.

6. దీనివల్ల సామాన్యుడికి పోయేది.

పన్ను పోతే ప్రాణం పోదు కదా అంటారు. నిజమే. నాకు కింది దవడలో ఎడమవైపు మూడు దంతాలు లేవు. జొన్నరొట్టె మానేశాను. జామకాయ, చెరుకు సంగతి వదిలేయండి, మాంసం ముక్క కూడా కుడివైపే. ముందు రెండు పళ్ళు పోయిన ఏడాది మా మేనకోడలి పెళ్ళిలో ఫోటో దిగాను. అందులో అందరూ నవ్వుతున్నారు, నేను మూతి బిగించుకుని కోపంగా ఉన్నట్టు కనిపిస్తాను. నోటి కంపు వల్ల మాస్కు తీసి మనిషి దగ్గర నిలబడి మాట్లాడటానికి జంకుతాం. ఇవేవీ మీ ఫారాల్లోకి రావు.

ఇక డబ్బు. ఈఎస్ఐలో జీతం పరిమితి 2017 నుంచీ 21,000 రూపాయల దగ్గరే ఉంది. ఇరవై వేల జీతగాడి దగ్గర నెలకు 150 రూపాయలు కోస్తారు, యజమాని 650 కడతాడు. మొత్తం 800. నెలనెలా కట్టాం. చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందని మా డిస్పెన్సరీకి వెళితే నొప్పి మాత్రలిచ్చి, ఊగే పన్ను పీకించుకోమన్నారు. గార తీసే మిషను చెడిపోయి చాలా కాలమైందట. తర్వాత ఇంక్రిమెంటు వచ్చి జీతం పరిమితి దాటింది, ఈఎస్ఐ పోయింది. మిగిలిన పళ్ళు నిలబెట్టుకోవడానికి ప్రైవేటులో లోతు శుభ్రం నాలుగు సిట్టింగులు, ఒకవైపు చిగుళ్ళ ఆపరేషను, మొత్తం ఇరవై ఆరు వేలు అయింది. సిట్టింగుకొక సెలవు అదనం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, సెలవు కావాలి అని సూపర్‌వైజరును అడిగి చూడండి, ఆయన ముఖం ఎలా ఉంటుందో.

ఇంకో మాట. గార తీయిస్తే పళ్ళు వదులైపోతాయని మా వాళ్ళలో గట్టి నమ్మకం. నేనూ నమ్మాను. అసలు జరిగేది ఏమిటంటే, ఎముక అప్పటికే తగ్గిపోయి పన్ను గార గోడ ఆసరాతో నిలబడి ఉంటుంది. గోడ తీస్తే ఉన్న ఊగుడు బయటపడుతుంది. పదేళ్ళ ముందు తీయించుకుని ఉంటే ఊగేదే కాదు. ఈ రెండు వాక్యాలు మాకు చెప్పేవాళ్ళు లేక ఎన్ని వందల పళ్ళు పోయాయో.

ఇవీ విషయాలు. ఇవి ఎవరి కంటా ఎందుకు పడలేదో కూడా చెబుతాను. మా పారిశ్రామికవాడలో ఏడాదికో రెండేళ్ళకో దంత శిబిరం పెడతారు. బ్యానరు, పూలదండ, ఫోటో అన్నీ ఉంటాయి. పెట్టేది పొద్దున పదకొండుకు. ఆ వేళ సీ షిఫ్టు వాళ్ళు నిద్రలో ఉంటారు, ఏ షిఫ్టు వాళ్ళు మిషను మీద ఉంటారు, బీ షిఫ్టు వాళ్ళు ఇంకా బయల్దేరి ఉండరు. వచ్చేది జనరల్ షిఫ్టు ఆఫీసు సిబ్బంది. వాళ్ళ పళ్ళు బాగుంటాయి. "కార్మికుల నోటి ఆరోగ్యం సంతృప్తికరం" అని రాసుకుని వెళ్ళిపోతారు.

దంతవైద్యులను కూడా ఒక మాట అడగాలి. కోపం తెచ్చుకోకండి. చిగుళ్ళ జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో అంచనా వేయడానికి 2018 నుంచి మీకు ప్రపంచమంతా ఒప్పుకున్న కొత్త వర్గీకరణ ఉంది. అందులో పొగ తాగడం, షుగరు రెండూ అడిగి గ్రేడు మారుస్తారు. మా డాక్టరమ్మ ఆ రెండూ అడిగారు. తర్వాత "రోజుకెన్నిసార్లు తోముతారు?" అన్నారు. ఒకసారి అంటే తల పంకించి "రాత్రి పడుకునే ముందు తోముకోవాలండీ" అన్నారు. రాత్రి నేను పడుకోనమ్మా అన్నాను. ఆమె కలం ఆగింది. పదహారేళ్ళ ప్రాక్టీసులో ఎంతమంది రాత్రి డ్యూటీ వాళ్ళకు ఇదే సలహా రాసిచ్చానో అన్నారు. ఈ లేఖ రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది ఆ మాటే. నర్సులు, ఆర్టీసీ నైట్ సర్వీసు డ్రైవర్లు, పన్నెండు గంటల సెక్యూరిటీ గార్డులు, కాల్ సెంటర్ పిల్లలు, పోలీసులు అందరికీ మీరు ఇచ్చే చీటీలో "ఉదయం, రాత్రి" అనే ఉంటుంది.

మేం అడుగుతున్నవి ఇవి.

1. నలభై దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు చెబుతున్నాయి. ఆ పరీక్షలో నోరు చేర్చండి. టార్చి వేసి నాలుక చూడటం కాదు, చిగురుకూ పంటికీ మధ్య గుంత ఎన్ని మిల్లీమీటర్లు ఉందో పరికరంతో కొలిచే పరీక్ష. మూడు దాకా ఫరవాలేదని, నాలుగుకు చేరితే జాగ్రత్త పడాలని మీకు తెలుసు. అదే ఫారంలో మరో రెండు గడులు పెట్టండి: ఏయే షిఫ్టులు చేస్తారు, ఎన్ని గంటల నిద్ర. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకు నలభై దాకా ఆగకుండా ముప్పై నుంచే చేయించండి. నాకు నెత్తురు మొదలైంది 33లో. నలభైకి చూసేసరికి చేయగలిగింది తక్కువే.

2. దంతవైద్యులారా, కేస్ షీట్లో సిగరెట్టు, షుగరు పక్కన నిద్ర గురించి ఒక్క ప్రశ్న రాసుకోండి. "ఎప్పుడు పడుకుంటారు? ఎన్ని గంటలు?" సలహాలో "రాత్రి" అన్న మాట తీసేసి "మీ పెద్ద నిద్రకు ముందు" అని రాయండి. ఘాటు లేని పేస్టు ఏదో చెప్పండి. గురక ఉందా, నోరు తెరిచి పడుకుంటారా అని ఇంటివాళ్ళను అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు.

3. షిఫ్టు ముగిసే చోట, బస్సెక్కే ముందు, అద్దంతో కుళాయిలు పెట్టించండి. కార్మికులు కడుక్కోవడానికి వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 42వ సెక్షన్ ఉండేది, ఇదేమీ కొత్త కోరిక కాదు. గౌను మార్చుకునే సమయంతోపాటు తోముకోవడానికి ఐదు నిమిషాలు డ్యూటీలోనే లెక్కకట్టండి. ఇంటికెళ్ళాక తోముకోమంటే ఏమవుతుందో పైన రాశాను. బ్రష్ చేసుకుని బస్సెక్కితే, దారిలో కునుకు పట్టినా, ఇంట్లో పడినా రాత్రి టీల పాచి అయితే నోట్లో ఉండదు. మా సెక్షన్‌లో నలుగురం రెండు నెలలుగా బ్యాగులో బ్రష్ పెట్టుకుని వాచ్‌మన్ గది కుళాయి దగ్గర ఇదే చేస్తున్నాం. మొదటి వారం అందరూ వెక్కిరించారు.

4. రోస్టరు. ఇదే అన్నిటికన్నా పెద్దది, మీకు అన్నిటికన్నా చేదుగా ఉండేదీ ఇదే. షిఫ్టులు ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి ముందుకు తిరగాలి. సీ నుంచి బీకి, బీ నుంచి ఏకి వెనక్కి తిప్పితే ఒళ్ళు సర్దుకోవడం ఇంకా కష్టం. మా దగ్గర వెనక్కే తిప్పుతున్నారు, అడిగితే "ఎప్పటినుంచో ఇంతే" అన్నారు. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలి. ఐరోపా దేశాల్లో ఇది చట్టం. రిలీవరు రాలేదని పదహారు గంటలు నిలబెట్టే డబుల్ డ్యూటీలు ఆపించండి. ఓటీ రెట్టింపు డబ్బిస్తున్నాం కదా అంటారు. డబ్బు తీసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటి అద్దె కట్టాల్సినవాడు వద్దనలేడు, అందుకే ఆపాల్సింది మీరు. రెండు రాష్ట్రాల్లోనూ 2025లో రోజువారీ పని గంటల పరిమితిని పదికి పెంచే నిర్ణయాలు తీసుకున్నారు. తెలంగాణలో వాణిజ్య సంస్థలకు, ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు. వారానికి 48 గంటలు మించదు అన్నారు, మంచిది. కానీ పది గంటల పని, రెండు వైపులా బస్సు మూడు గంటలు, మిగిలిన పదకొండులో వంట, పిల్లలు, స్నానం పోగా నిద్రకు ఏం మిగులుతుందో ఆ ఫైలు మీద సంతకం పెట్టినవారు ఒకసారి వేళ్ళ మీద లెక్క వేయండి. ఆడవాళ్ళకు రాత్రి షిఫ్టులు తెరిచారు. వాళ్ళ ఇంట్లో పగటి నిద్ర అనేదే ఉండదు, ఇంట్లో ఉంటే పని ఉన్నట్టే.

5. ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో పన్ను పీకడంతో పాటు నిలబెట్టే వైద్యం కూడా పెట్టండి. గార తీసే మిషను పనిచేసే స్థితిలో ఉండాలి, చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో గోడ మీద రాయండి. వారానికి రెండు రోజులైనా మధ్యాహ్నం మూడు నుంచి పంటి ఓపీ నడపండి. జీతం పరిమితి పెంచడం కేంద్రం చేతిలో ఉందని తెలుసు, మీరు అక్కడికి రాసిన ఉత్తరం కాపీ మాకు చూపిస్తే చాలు.

6. దంత కళాశాలలు శిబిరాలను పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టాలి. అప్పుడే రెండు షిఫ్టులు ఎదురెదురుగా దాటుతాయి. ఆ చూసిన నోళ్ళ లెక్కను షిఫ్టులవారీగా, నిద్ర గంటలవారీగా రాసి ప్రచురించాలి. జపాన్ వాళ్ళు 219 మందిని చూశారు, మా ఒక్క వీధిలో అంతకు మూడింతల ఫార్మా కార్మికులు ఉన్నాం.

7. రాత్రి క్యాంటీన్‌లో చక్కెర వేరుగా పెట్టమనండి. ఉడికించిన శనగలో, గుడ్డో, మజ్జిగో ఉంటే బిస్కెట్ల జోలికి ఎవరూ పోరు. చిన్న విషయం, అందుకే చివర రాశాను.

తోటి కార్మికులకు కూడా ఒక మాట. బ్రష్ మీద నెత్తురు వేడి వల్ల రాదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, ఈ జబ్బు పన్ను ఊగేదాకా పెద్దగా నొప్పి పెట్టదు. నిద్ర ఆపుకోవడానికి ఖైనీ, గుట్కా పెట్టుకునే తమ్ముళ్ళకు మాత్రం నేను సలహా ఇవ్వను, నా ఫోటో చూపిస్తాను.

ఈ లేఖ కాపీని మొదట అర్జీ ఇచ్చిన కార్యాలయానికి కూడా పంపుతున్నాను. ఆ రోజు నవ్విన సారు ఇది చదివితే, ఆయన మీద నాకు కోపం లేదని తెలుసుకోవాలి. పై ఏడింటిలో రెండు, మూడు సంఖ్యలవి చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిగతా వాటికి ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి. జవాబు రాకపోతే ఈసారి పన్నెండు మందిమి కాకుండా మూడు షిఫ్టుల నుంచీ సంతకాలు తీసుకుని వస్తాం.

ఫోను నంబరు అర్జీ మీద ఉంది. వచ్చే వారం నాది సీ షిఫ్టు. పిలవాలనుకుంటే దయచేసి మధ్యాహ్నం రెండు దాటాక పిలవండి.

ఇట్లు,
ఒక ఫార్మా ఫ్యాక్టరీ మెషిన్ ఆపరేటర్, మరో పదకొండు మంది తరఫున